కిస్తీ లేని బండి

బోరు మోటర్ల పనిలో రాబడి ఏడాది పొడవునా ఒక్క తీరుగా ఉండదు. యాసంగి వరి పొట్టకొచ్చే వేళకు జనగామ చుట్టుపక్కల బోర్లలో నీళ్లు అడుగంటుతాయి, నీళ్లందక ఉత్తగా తిరిగిన మోటర్లు కాలిపోతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో మా వైండింగ్ షాపు ముందు అడుగుపెట్టే చోటుండదు. వానలు పడి చెరువులు నిండాక ఫ్యాన్లు, మిక్సీలు తప్ప పని రాదు. ఫైనాన్స్ వాళ్లకు మాత్రం ఏ నెలైనా కిస్తీ తారీఖు ఒక్కటే. 2021లో బండి కొనాలనుకున్నప్పుడు నేను పట్టుకున్నది ఈ ఒక్క సంగతినే. పని లేక నిలబడ్డ రోజున నా నెత్తిన ఖర్చు పెట్టని బండి కావాలి.

అప్పటిదాకా కిరాయి ట్రాలీలతోనే నెట్టుకొచ్చాను. కిరాయి కంటే వెయిటింగ్ ఎక్కువ బాధ పెట్టేది. 600 అడుగుల లోతున మోటరు దించిన బోరులో ఇనుప పైపులుంటే, 20 అడుగులకొకటి చొప్పున 30 పైపులు ఒక్కొక్కటే విప్పుతూ పైకి లాగాలి. ఒక్క జాయింటు పట్టేసినా పూట గడిచిపోతుంది. ట్రాలీ డ్రైవరుకు ఇంకో కిరాయి ఉంటుంది, అతని తొందర అతనిది. ఇటు మడి నెర్రెలు బారుతున్న రైతు తొందర రైతుది. మధ్యలో నలిగేది నేను.

కొత్త చిన్న ట్రాలీ అప్పట్లో రోడ్డెక్కేసరికి 6 లక్షలకు అటూ ఇటూ అయ్యేది. లక్ష ముందు కట్టినా నాలుగేళ్ల పాటు నెలకు 13 వేల దాకా కిస్తీ. ఎండాకాలంలో అది పెద్ద బరువు కాదు. పని పలచబడ్డ నాలుగు వానాకాలపు నెలలకు 52 వేలు కావాలి, అవి వడ్డీకి తెచ్చి కట్టాలి. అందుకే 2012 మోడల్ టాటా ఏస్‌ను 1.40 లక్షలకు కొన్నాను.

పాత బండి ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది దాన్ని బాగుచేసేవాళ్లు దగ్గర్లో ఉన్నారా అని. ఏస్ 2005లో మార్కెట్లోకి వచ్చింది. నేను కొన్న మోడల్‌లో ఉండేది 702 సీసీ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. మా వైపు ఏ మండల కేంద్రంలోనైనా దాన్ని విప్పి బిగించగల మెకానిక్ దొరుకుతాడు, సామానూ దొరుకుతుంది. 750 కిలోల దాకా మోస్తుంది కాబట్టి మోటరు, కేబుల్ చుట్ట, చైన్ పుల్లీ, మూడు కాళ్ల స్టాండు అన్నీ పడతాయి.

చూడ్డానికి తెల్లవారకముందే వెళ్లాం, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలని. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. పొగలో నీలి ఛాయ లేదు. నడుస్తుండగానే మా మెకానిక్ ఆయిల్ మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు, గాలి గట్టిగా తన్నలేదు. తర్వాత గోనెసంచి పరుచుకుని కిందికి దూరి, స్క్రూడ్రైవర్ మొనతో ట్రాలీ అడుగు రేకును పొడిచాడు. తుప్పు పెచ్చులు ఊడి అతని మొహమ్మీద పడ్డాయి. ఛాసిస్ మీద కొడితే మాత్రం ఖంగుమంది. "ఇంజన్ మంచిగున్నది అన్నా, ఛాసిస్‌కు ఢోకా లేదు. అడుగు రేకు మార్చాలె. ఆ పైసలు ఇక్కడనే తగ్గించుకో" అన్నాడు. 15 వేలు తగ్గాకే ఆ 1.40 లక్షలకు తెగింది.

చేతిలో 2 లక్షలు లేకుండా ఆ బేరానికి వెళ్లేవాణ్ని కాదు. అడుగు రేకు, నాలుగు టైర్లు, బ్యాటరీ, బ్రేకులు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) కోసం రంగు, రిఫ్లెక్టర్ టేపు కలిపి పెట్టుకున్న 60 వేలూ దాదాపు అయిపోయాయి. సరుకు బండికి ఎనిమిదేళ్లు దాటితే ఎఫ్‌సీ ఏటా చేయించాలి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సుకు బండి వయసుతో పని లేదు. 7,500 కిలోల లోపు నాలుగు చక్రాల సరుకు బండ్లకు ఒకటే ప్రీమియం, 2022 నుంచి అది 16,049 రూపాయలు, పైన పన్ను. లక్షన్నర బండి మీద ఏటా ఇంత పడుతుందని తెలిసే దిగాలి.

కాగితాల దగ్గర మొహమాటం పనికిరాదు. పాత అప్పు తీరినట్టు ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ, ఫారం 35 చూశాకే మిగతా డబ్బు ఇచ్చాను. పాత చలాన్లు అమ్మినాయనే కట్టాడు. బండి పేరు మార్పుకు ఫారం 29, 30ల మీద సంతకాలు అదే రోజు పెట్టించి, ఇన్సూరెన్సు 14 రోజుల్లోపే నా పేరుకు మార్పించుకున్నాను. లైసెన్సు గురించి నాకూ ఒక బెంగ ఉండేది. కారు లైసెన్సుతోనే 7,500 కిలోల లోపు రవాణా బండ్లూ నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చాక అది తీరింది.

కట్టక్కర్లేని ఆ 13 వేల కిస్తీలో 3 వేలను పోస్టాఫీసు ఆర్డీలో వేస్తూ వచ్చాను. ఓ ఏప్రిల్‌లో, పని ముమ్మరంగా ఉన్నప్పుడే, హెడ్ గాస్కెట్ పోయింది. ఆర్డీ మీద లోను తీసి బాగుచేయించాను, ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు.

రోజూ అర్ధరాత్రి బయల్దేరి బోయిన్‌పల్లి మార్కెట్‌కు కూరగాయలు తోలేవాళ్లు అడిగితే పాత బండి వద్దనే చెబుతాను. దారిలో ఒక్కసారి ఆగితే టమాటా మెత్తబడుతుంది, మార్కెట్ వేళ దాటుతుంది. వాళ్ల బండి రోజూ తిరుగుతుంది, కిస్తీని అదే సంపాదించుకుంటుంది. నాది వారంలో సగం రోజులు షాపు ముందే ఉంటుంది.

2027లో మా ఏస్‌కు 15 ఏళ్లు నిండుతాయి. ఆ వయసు దాటిన రవాణా బండ్లకు ఎఫ్‌సీ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెంచారు, కాబట్టి ఆలోపే అమ్మేస్తాను. బోర్లు ఇంకా లోతుకు పోతున్నాయి, మోటర్ల బరువూ పెరిగింది. ఈసారి పాత బొలెరో పికప్ చూస్తున్నాను. మొత్తం బరువు 3,000 కిలోలు దాటే మోడల్ అయితే పర్మిట్ కూడా కావాలి, అందుకని ఎవరు బండి ఉందన్నా ముందు ఆర్సీ ఫొటో పంపమంటున్నాను.