లెగ్ పీస్ అప్పుడే బాగుండేదా?

ల్యాబ్ ఇంటర్నల్స్ అయిపోయిన రోజు హాస్టల్‌లో నలుగురం డబ్బులు వేసుకుని ఫ్రైడ్ చికెన్ ఆర్డర్ పెట్టుకున్నాం. గేటు దగ్గరికి రావడానికి నలభై నిమిషాలు, వార్డెన్ కంటపడకుండా మూడో ఫ్లోర్‌కి ఎక్కించడానికి ఇంకో పది. మొదటి ముక్క కొరకగానే మా రూమ్మేట్ మొహం అదోలా పెట్టాడు. "ఏంట్రా ఇది? చిన్నప్పుడు ఎంత బాగుండేది!"

అందరం తలలూపాం. నూనె మార్చేశారని ఒకడు అన్నాడు. ఇప్పుడు కోళ్ళకి హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తున్నారు, అందుకే రుచి పోయిందని ఇంకొకడు అన్నాడు. అది అబద్ధమని నాకు తెలుసు. బ్రాయిలర్ త్వరగా పెరగడానికి కారణం దాని జాతి, దానికి పెట్టే మేత. ఇంజెక్షన్ కాదు. కానీ నోరు విప్పలేదు. "నీకెలా తెలుసు?" అని అడిగితే చెప్పాల్సి వస్తుంది కదా.

ఆ రాత్రి నిద్ర పట్టక దీని గురించి చదువుతూ కూర్చున్నా. రుచి మారిపోయిందని గొడవ పెట్టినవాళ్ళలో ఒక పెద్దమనిషి ఉన్నాడు. కేఎఫ్‌సీ బొమ్మలో కనిపించే తెల్ల గడ్డం ఆయనే, హార్లాండ్ శాండర్స్. ముక్క వేగడానికి అరగంట పడుతోందని 1939లో ప్రెషర్ కుక్కర్ కొని, దాన్ని వేపుడుకి తగ్గట్టు మార్చుకున్నాడు. (మన పప్పు కుక్కర్‌తో ఎవరూ ట్రై చేయకండి, పేలుతుంది.) 1964లో కంపెనీని 20 లక్షల డాలర్లకి అమ్మేశాడు. ఆ తర్వాత అదే కంపెనీ గ్రేవీ తినలేకపోతున్నానని ఊరూరా తిట్టాడు. మెక్‌డొనాల్డ్స్ కూడా 1990లో అమెరికాలో బంగాళాదుంప వేపుడుకి పశువుల కొవ్వు మానేసి వెజిటబుల్ ఆయిల్‌కి మారింది. అంటే "అప్పట్లో బాగుండేది" అనేవాళ్ళందరిదీ భ్రమ కాదు. కొన్నిసార్లు నిజంగానే రుచి మారింది.

మా డబ్బా కేసు మాత్రం వేరే. వేయించిన ముక్క లోపల నీరు ఉంటుంది. వేడిగా మూత పెడితే ఆ ఆవిరి బయటికి పోలేక పైనున్న పొరలోకి దిగుతుంది. కరకరలాడాల్సింది మెత్తబడుతుంది. చిన్నప్పుడు మనం షాపులోనే కూర్చుని, ప్లేటు వచ్చిన నిమిషంలో తిన్నాం. ఇప్పుడు యాభై నిమిషాలు ఆవిరిలో మగ్గింది తింటున్నాం. ఒకేసారి నాలుగు వేరియబుల్స్ మార్చేసి, బగ్ కోడిలో ఉందంటే ఎలా?

ఇక్కడికి లాజిక్ సరిపోయింది. నాకే సరిపోలేదు. ఎందుకంటే నా వేరియబుల్స్‌లో ఒకటి మా నాన్న.

మా నాన్నది తెనాలిలో చికెన్ షాపు. ఆదివారం తెల్లవారుజామున ఐదింటికే షట్టర్ లేస్తుంది. బోర్డు మీద చాక్‌పీస్‌తో లైవ్, విత్ స్కిన్, స్కిన్‌లెస్ అని మూడు రేట్లు రాయడం చిన్నప్పుడు నా డ్యూటీ. నా అంకెలు గుండ్రంగా ఉంటాయని నాన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. స్కూల్లో మాత్రం "వాట్ ఈజ్ యువర్ ఫాదర్?" అంటే "బిజినెస్" అనేవాణ్ణి. ఒకసారి పేరెంట్స్ మీటింగ్‌కి నాన్న షాపు నుంచి నేరుగా వచ్చాడు. నిమ్మచెక్కతో చేతులు బాగా రుద్దుకునే వచ్చాడు. అయినా వెనక బెంచీ వాడు ముక్కు మూసుకున్నాడు. ఆ సంవత్సరమంతా క్లాసులో నా పేరు "కోడి".

మూడో తరగతిలో ఉండగా ఒక కార్తీక మాసంలో నాన్న నన్ను విజయవాడ తీసుకెళ్ళాడు. కార్తీకంలో సగం ఊరు నీచు ముట్టదు, బేరం ఉండదు, నాన్నకి తీరిక దొరికేది ఆ నెలలోనే. ప్యాసింజర్ రైల్లో వెళ్ళి, ఒక మాల్‌లో ఫ్రైడ్ చికెన్ షాపులో కూర్చున్నాం. ఏసీ. ఈకల్లేవు, నెత్తురు లేదు, మొద్దు మీద కత్తి చప్పుడు లేదు. ఇంట్లో రోజూ చికెనే అయినా, ఇది చికెన్ అనిపించలేదు నాకు. ఇంకేదో అనిపించింది.

నాన్న ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. "జాయింట్ దగ్గర భలే కోశాడ్రా. ఎముక చిట్లలేదు చూడు," అన్నాడు. గొంతు పెద్దది. పక్క టేబుల్‌లో ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్న పిల్లలు ఇటు తిరిగారు.

"నాన్నా, ఇక్కడ మన షాపు గురించి మాట్లాడకు," అన్నా.

నాన్న "సరేలే" అన్నాడు. తన ప్లేటులో ఉన్న లెగ్ పీస్ నా ప్లేటులో పెట్టి, చివరిదాకా ఇంకేం మాట్లాడలేదు.

ఇన్నేళ్ళుగా నేను గొప్పగా గుర్తుపెట్టుకున్నది ఆ లెగ్ పీస్ రుచే. దాని పక్కనే నేనన్న మాట కూడా ఉంది. అది మాత్రం ఎప్పుడూ గుర్తు రాలేదు, ఆ రాత్రి దాకా. ఆ చికెన్‌లో మసాలా ఎంతుందో కానీ, ఒక గంటసేపు నేను చికెన్ షాపతని కొడుకుని కాననే సంతోషం చాలా ఉంది. ఆ రుచి ఇప్పుడు రమ్మంటే ఎక్కణ్ణుంచి వస్తుంది?

పోయిన కార్తీకంలో ఇంటికి వెళ్ళినప్పుడు నేనే అడిగా, "నాన్నా, విజయవాడ వెళ్దామా?" అని. అదే మాల్, అదే షాపు. కార్తీక సోమవారం అయినా ఖాళీ లేదు. మా ఊరి కార్తీకం వేరు, మాల్‌లో కార్తీకం వేరు అనుకుంటా. ఈసారి డబ్బులు నేనిచ్చా, ఇంటర్న్‌షిప్‌వి. నాన్న ముక్కని తిప్పి చూశాడు, ఏమీ అనలేదు. తలొంచుకుని తినడం మొదలుపెట్టాడు. నేను మర్చిపోయిన మాట ఆయన మర్చిపోలేదు.

"నాన్నా, ఇది ఎన్ని కిలోల కోడి?" అని అడిగా. కాస్త గట్టిగానే.

నాన్న నా వైపు చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు. "చిన్న కోడిరా. కోసి శుభ్రం చేస్తే కిలో, కిలో పావు ఉంటది అంతే. వేపుడుకి చిన్నదే కావాలి. పెద్దదైతే పైన మాడిపోద్ది, ఎముక దగ్గర పచ్చిగా ఉండిపోద్ది. మన దగ్గర కూరకి తీసుకెళ్తారు కాబట్టి పెద్దవి నడుస్తాయి..." అలా పది నిమిషాలు చెప్పాడు. కార్జం ఎందుకు చేదెక్కుతుందో, వేసవిలో కోళ్ళు ఎందుకు పోతాయో అన్నీ. పక్క టేబుల్ వాళ్ళు మళ్ళీ ఇటు తిరిగారు. తిరగనీ.

మరి రుచి ఎలా ఉందంటారా? వేడిగా ఉంది, కరకరలాడింది, బహుశా అప్పటిలాగే ఉంది. నిజం చెప్పాలంటే నేను సరిగ్గా గమనించలేదు. నాన్న చెప్పేది వింటున్నా.

హాస్టల్‌కి తిరిగొచ్చాక రూమ్‌లో చెప్పా, ఆ ఇంజెక్షన్ల మాట అబద్ధమని. "నీకెలా తెలుసురా?" అన్నారు అనుకున్నట్టే. "మా నాన్నది చికెన్ షాపు" అన్నా. గుండె కొంచెం గట్టిగానే కొట్టుకుంది.

ఒక్క సెకను నిశ్శబ్దం. తర్వాత మా రూమ్మేట్ అన్నాడు: "మరి ఇన్నాళ్ళూ చెప్పవేంట్రా? కిలో ఎంతకిస్తాడు?"