పరుగెత్తు పిల్లలకు బత్తెము

మా చిత్తూరు నుండి తిరుపతికి బస్సులో రెండు గంటల ప్రయాణము. పూతలపట్టు దాటినది మొదలు దారి కిరుప్రక్కల మామిడితోటలే. కాయ దిగు ఋతువున పాకాల దాపుననున్న దామలచెరువు మండీలలో మామిడికాయలు గుట్టలుగా పోసియుండును. తోతాపురి కాయలో నధికభాగము గుజ్జు తీయు ఫ్యాక్టరీలకు పోవును. చంద్రగిరి సమీపించుసరికి కొండలు దగ్గఱకు జరిగి మనలను చుట్టుముట్టినట్లు తోచును. 2022 ఏప్రిల్ 4వ తేదీ వఱకు ఈ దారి యంతయు నొక్కటే జిల్లా. ఇప్పుడు నడుమ నొక యెల్ల యేర్పడినది గాని బస్సులోని వారికి దాని జాడ తెలియదు.

ఈ త్రోవను పోవు స్త్రీలలో ననేకులు కొండకు పోవువారే. గడచిన కార్తికమున మేము పోయినది మాత్రము శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు క్రీడాస్థలమునకు. అచ్చట కళాశాలల నడుమ పరుగుపందెములు జరుగుచుండెను. మాతో వచ్చినవారు మా పొరుగింటి పిల్లయు, దాని తల్లియు. పిల్ల డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నది. పదునైదువందల మీటర్ల పరుగునందు తన కళాశాలకు గత యేడు బహుమతి తెచ్చినది. తల్లి మామిడికాలమున ఫ్యాక్టరీలో కాయ కోయు పనికి పోవును. సెలవులలో పిల్లయు వెంట పోవుచుండెడిది. దినమెల్ల నిలువుకాళ్లపై పనిచేసినది మఱునాటి వేకువను పరుగెత్తుట యెట్లు? అందుచే వ్యాయామోపాధ్యాయుడు ఫ్యాక్టరీకి పోవలదనును, తండ్రి పొమ్మనును. కళాశాలవారు పోటీనాడు బస్సుచార్జీయు, ఒకపూట భోజనపు బత్తెమును ఇత్తురు. అడుగున ముళ్లుగల పరుగుబూట్లు మాత్రము అప్పుచేసి కొన్నవి.

బస్సులో తల్లి మాతో ననినది: “కప్పు తెస్తే యాడ పెట్టేది అయివారమ్మా? ఫ్యాక్టరీకి పోతే సందేళకు కూలి చేతికొస్తాది.” కోపముగా ననలేదు. ఉప్పు పప్పుల లెక్క చెప్పినట్లు చెప్పినది. పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుండెను.

చంద్రగిరి విజయనగర రాజుల కడపటి రాజధానులలో నొకటి గదా. ఆ విజయనగరపు కొలువును గూర్చి పదునాఱవ శతాబ్దిలో వ్రాసిన పోర్చుగీసువాడు నూనిజ్, రాజనగరున కుస్తీపట్టు స్త్రీలును, జమాఖర్చులు వ్రాయు స్త్రీలును ఉండిరని చెప్పియున్నాడు. కొలువులో నున్నవారికి గ్రాసము నడచుట వింత గాదు. ఆడుది దేహబలము చూపి కూడు సంపాదించుట మన దేశమునకు క్రొత్త యని యెవరైన నన్నచో, ఈ పరదేశి వ్రాత చూపవచ్చును.

విశ్వవిద్యాలయము 1954లో స్థాపింపబడినది. దాని వెనుక శేషాచలము గోడవలె నిలిచియున్నది. ఉదయము మంచు విడువక మునుపే పిల్లలు గుంపులు గుంపులుగా వచ్చిరి. కొందఱికి మంచి బూట్లు, కొందఱికి వట్టి కాళ్లు. పదునైదువందల మీటర్లనగా ఆ బాటపై మూడు చుట్లును ముప్పాతికయు. మా పిల్ల రెండు చుట్ల వఱకు అయిదవదిగా నుండి, కడపటి చుట్టున నొక్కొక్కరిని దాటి రెండవదిగా వచ్చినది. వచ్చి గడ్డిమీద పడి వాంతి చేసికొన్నది. తల్లి కొంగుతో మూతి తుడిచెను.

మేము చుట్టును చూచితిమి. శిక్షకునకు జీతము కలదు. షామియానా వేసినవానికి బాడుగ కలదు. మైకువానికి కూలి కలదు. కూలి లేనివారు పరుగెత్తిన పిల్లలే.

అప్పుడు మాకు మాళవికాగ్నిమిత్రము జ్ఞప్తికి వచ్చినది. అందు గణదాస హరదత్తులను నాట్యాచార్యులు తమలో నెవరధికులని రాజుకడ వాదులాడుదురు. శిష్యురాండ్ర యాట చూచి తేల్పవలెనని నిర్ణయమగును. ఆడినది మాళవిక, గెలుపు గణదాసునిది. ఆచార్యులు జీతము గొనువారని విదూషకు డెత్తిపొడుచును గూడ. ఆడిన పిల్లకేమి ముట్టినదని మాత్రము ఆ నాటకమున నెవ్వరును అడుగరు. తుదకామె రాకుమార్తె యని తెలియుటచే కథ చక్కబడినది. మన పిల్లలందఱు రాకుమార్తెలు గారు.

గెలిచినవారికి దేశము కానుకలిచ్చుచునే యున్నది. 2016లో రియోలో వెండిపతకము గెలిచిన సింధుకు మఱుసటి యేడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము డిప్యూటీ కలెక్టరు కొలువిచ్చినది. మంచిదే. కాని గెలుపునకు ముందటి యేండ్లు గడచుట యెట్లు? విశాఖపట్టణమున పుట్టిన యర్రాజి జ్యోతిని చూడుడు. తండ్రి కాపలా కొలువువాడు, తల్లి యిండ్లలోను ఆసుపత్రిలోను శుభ్రముచేయు పనిమనిషి. 2020 జనవరిలో ఆమె ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయము పక్షమున అఖిల భారత విశ్వవిద్యాలయ పోటీలలో నూఱు మీటర్ల హర్డిల్సును 13.03 సెకన్లలో ముగించి, నాటి జాతీయ రికార్డును మించినది. అచ్చట మందుల పరీక్ష యేర్పాటు లేకపోవుటచే అది లెక్కకు రాలేదు! పిదప భువనేశ్వరమున రిలయన్సు ఫౌండేషను వారి శిక్షణ కేంద్రము ఆదుకొన్నది. 2023లో బ్యాంకాకున ఆసియా స్వర్ణము గెలిచినది. ఆ యేడే చైనాలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలలో 12.78 సెకన్లకు కాంస్యము పొందినది. ఆదుకొను చేయి దొరకక ఫ్యాక్టరీకి పోయిన జ్యోతు లెందఱో యెవరు లెక్కించిరి?

అమెరికాలో ఈ తగవు న్యాయస్థానముల కెక్కినది. అచ్చట కళాశాలల పందెములకు టిక్కెట్లమ్మి, టెలివిజను హక్కులమ్మి కోట్లు గడింతురు; పిల్లలకు మాత్రము జీతము కూడదని చిరకాలము నియమముండెను. 2021 జూన్ 21న వారి సుప్రీంకోర్టు చదువునకు సంబంధించిన సహాయమునకు హద్దులు పెట్టుట చెల్లదని యేకగ్రీవముగా తీర్పు చెప్పెను. జూలై 1 నుండి తమ పేరును, బొమ్మను ప్రకటనలకిచ్చి పిల్లలు సొమ్ము గడింపవచ్చుననిరి. 2025 జూన్‌లో ఆమోదము పొందిన యొప్పందము ప్రకారము ఒక్కొక్క విద్యాలయము తొలి యేడు రెండు కోట్ల అయిదు లక్షల డాలర్ల వఱకు ఆటగాండ్రకు పంచవచ్చును. పాత బాకీల పంపకములో సింహభాగము పురుషుల ఆటలకే పోవుచున్నదని కొందఱు క్రీడాకారిణులు వెంటనే అప్పీలు చేసిరి. సొమ్ము వచ్చిన చోటను ఆడుపిల్ల వాటాకై పోరాడవలసినదే!

మన పందెములకు టిక్కెట్టు లేదు; కనుక లాభములో పాలు మన ప్రశ్న కాదు. ఇచ్చటి ప్రశ్న కూలి పోయిన దినములది. మా వారు పంతులు గనుక వేఱొక మాట యనిరి: “పరుగెత్తుదానికి సొమ్మిచ్చిన, రాత్రులు మేలుకొని లెక్కలు చేయుదానికి ఏల యీయరాదు? చదువుల గుడిలో కూలి లెక్క ప్రవేశించినచో అది యెచ్చట నాగును?” ఇది త్రోసివేయదగిన మాట కాదు. అయినను లెక్కలు చేయునది తనకై చేయును. ఆ చదువు దాని వెంటనే పోవును. పరుగెత్తునది కళాశాల పేరు వీపున కట్టుకొని, వారు చెప్పిన దినమున, పాఠములు మాని పోవును. కాలు బెణికినచో ఆ పేరును లేదు, మార్కులును లేవు. పైగా మే మెఱిగిన కళాశాలలలో ఆటల రుసుము పిల్లలందఱి వద్దను తీసికొందురు.

కేంద్ర ప్రభుత్వపు ఖేలో ఇండియా పథకమున నెన్నికైనవారికి శిక్షణ, వసతుల ఖర్చులుగాక నెలకు 10,000 రూపాయలు చేతిఖర్చున కేర్పఱచిరి. త్రోవ మంచిది, ద్వారము సన్నము. జిల్లా మైదానముల యందలి రెండవ మూడవ స్థానములవారు అందులోనికి పోజాలరు. వారికి జీతమని పెద్ద పేరు వలదు. పాలకు, గ్రుడ్లకు, బూట్లకు, ఫ్యాక్టరీ కూలి పోయిన దినములకు సరిపడు బత్తెము చాలును. అది పిల్ల పేరి బ్యాంకు ఖాతాలోనే పడవలెను. తండ్రి చేతికిచ్చిన సొమ్ము ఎచ్చటికి పోవునో మా చదువరులకు మేము చెప్పనక్కఱలేదు.

చిత్తూరు చేరిన మూడవ నాడు తల్లి మా యింటికి వచ్చి కళాశాల వారికి అర్జీ వ్రాసి పెట్టుమనినది. వ్రాసితిమి. మామిడికాలపు రెండు నెలలకైనను దినబత్తెము ఇప్పింపుడనియు, బూట్ల ఖరీదు ఆటల రుసుములో నుండి యిప్పింపుడనియు, దెబ్బ తగిలినచో వైద్యము వారే చేయింపవలెననియు కోరితిమి. పిల్ల సంతకము చేసెను. తల్లి వేలిముద్ర వేసెను. తండ్రియు వచ్చి, కాగితము రెండుమార్లు చదివించుకొని, ఏమియు ననక తానును సంతకము చేసెను. ప్రత్యుత్తరమింకను రాలేదు. పిల్ల మాత్రము వేకువను మైదానమునకు పోవుచున్నది.