జోడు తీసెయ్యండి సార్

సెలూన్లో గోడ నిండా అద్దం ఎందుకు బిగిస్తారో నాకింతవరకూ బోధపడలేదు. కుర్చీలో కూర్చోగానే అతను మెడకి గుడ్డ చుట్టి "జోడు తీసెయ్యండి సార్" అంటాడు. తీసేస్తాను. ఇక ఎదుట కనిపించేది నేనో, వెనక బల్ల మీద వంతు కోసం కూర్చున్న పెద్దమనిషో పోల్చుకోవడం కష్టం. మైనస్ ఆరు పవరున్నవాడికి జానెడు దాటితే లోకమంతా అలుక్కుపోతుంది. కత్తెర చప్పుడు వింటూ దేవుడి మీద భారం వేసి కూర్చోవడమే. చివర్లో తల వెనక చిన్న అద్దం పట్టి "చూడండి సార్, సరిపోయిందా?" అని మర్యాదగా అడుగుతాడు. నేనూ అంత మర్యాదగానే తల అటూ ఇటూ తిప్పి, కళ్ళు చికిలించి "బావుంది" అంటాను. జోడు పెట్టుకున్నాక చూద్దును కదా, ఒక చెవి పైన జుట్టే లేదు! అప్పటికే అతను గుడ్డ దులిపి తర్వాతి మనిషిని పిలిచేసి ఉంటాడు.

చారు పోసుకుంటే ఆవిరి, హెల్మెట్ పెట్టుకుంటే చెవుల దగ్గర నొప్పి, వానలో బండి నడిపితే ఎదురొచ్చే ప్రతి దీపమూ పది దీపాలు. ఇవన్నీ జోడున్న వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు.

తుడవడం సంగతి మాత్రం చెప్పి తీరాలి. పొడి అద్దం మీద గుడ్డ పెట్టి రుద్దేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. దుమ్ములో ఉన్న ఇసుక నలుసు ఆ రుద్దుడికి అద్దాన్ని గీసి పారేస్తుంది. ముందు కుళాయి కింద పట్టాలి. చన్నీళ్ళే పట్టాలి, వేణ్ణీళ్ళకి పైపూత చిట్లుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి వేలి కొసతో రాయాలి. ఆ తర్వాత పంచె. మామూలు పంచె కాదు, ఉతికి ఉతికి మెత్తబడ్డ నేత పంచె. షాపువాడు డబ్బాలో పెట్టిచ్చే బుల్లి గుడ్డ నాలుగు రోజుల్లో మాయమవుతుంది. పాలియెస్టర్ చొక్కా అంచుకి తుడుచుకునేది లేదు, ఉన్న జిడ్డు ఈ పక్క నుంచి ఆ పక్కకి వెళ్తుందంతే. మగవాళ్ళు పంచె కట్టడం మానేశాక తెలుగుదేశానికి జరిగిన నష్టాల్లో ఇదొకటి. భాష గురించి సభలు పెడుతున్నారు, బొమ్మల కొలువు గురించి పెడుతున్నారు, దీని గురించి మాట్లాడే నాథుడే లేడు. ఇంట్లో చెప్తే వింటారా అంటే, మావాడు నా కళ్ళెదుటే జోడు మీద నోటితో "హా" అని ఊది టీషర్టుకేసి రాస్తాడు.

కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవచ్చుగా అంటారు. మెత్తటి లెన్సు తయారుచేసిన ఒట్టో విఖ్టర్లే మీద నాకు గౌరవమే. 1961 క్రిస్మస్ నాడు ఆ చెక్ శాస్త్రవేత్త ఇంట్లోనే, పిల్లలాడుకునే ఇనపబద్దల సెట్టుకి సైకిల్ డైనమో తగిలించి, తిరిగే అచ్చుల్లో లెన్సులు పోశాడు. అంత బుర్ర ఉన్నవాడే. కానీ ఆయనెప్పుడూ ఆవకాయ కలిపి ఉండడు. ఎండాకాలంలో కారం, ఆవపిండి కలిపిన చేతిని ఎంత సబ్బు పెట్టి కడిగినా గోటి సందున కొంచెం మిగులుతుంది. రాత్రి అదే వేలితో కంట్లో లెన్సు తీసుకోవాలి. ఒక్కసారి తీసుకున్నాను. లెన్సుల డబ్బా అటకెక్కింది.

ఇక మిగిలింది లేజరు. 1981లో థ్యాంక్స్‌గివింగ్ విందు మర్నాడు, ఐబీఎంలో పనిచేసే మన మద్రాసాయన రంగస్వామి శ్రీనివాసన్, ఇంట్లో మిగిలిన టర్కీ కోడి ముక్క పట్టుకెళ్ళి ఎక్సైమర్ లేజరు కింద పెట్టాడు. చుట్టుపక్కల ఏమాత్రం కమలకుండా గీత నున్నగా తెగింది. కంటి పైపొర చెక్కి సైటు పోగొట్టే ఆపరేషన్ అలా మొదలైంది. ఇప్పుడు మా బంధువుల్లో పెళ్ళిచూపులకి ముందు అదొక తంతు. నేనూ వెళ్ళాను. కొలతలు తీసి "మీ పొర పల్చన, వద్దులెండి" అన్నారు డాక్టరుగారు. పొర మందంగా ఉన్నవాళ్ళకైనా చత్వారం రాక మానదట. అదేదో ముందే వచ్చేసింది నాకు. పేపరు చదవాలంటే జోడు తీయాలి, టీవీ చూడాలంటే పెట్టాలి.

చత్వారమంటే మా అమ్మమ్మా తాతయ్యా. ఇద్దరికీ కలిపి ఒకటే జోడు. ఆయన పేపరు విప్పిన వేళకే ఆవిడకి సూదిలో దారం ఎక్కించే పని పడేది. "ఏమండీ, ఓసారిటివ్వండి" అనేది. ఆయన అసెంబ్లీ వార్త సగంలో వదిలి, పురికొస కట్టిన కాడని చెవి మీంచి జాగ్రత్తగా తప్పించి ఇచ్చేవాడు. ఆవిడ బొంతలు కుట్టేది. పాత చీరలు పొర మీద పొర పరిచి, అంచులు లోపలికి మడిచి, బారెడు బారెడు దారంతో కుట్టేది. చలికాలం ఆ బొంతలో దూరితే కాళ్ళు బయటికి రానే రావు. ఇప్పటి రజాయిలు తెల్లారేసరికి మంచం కింద ఉంటాయి. ఆ బొంతల్లో ఒకటి మా పెద్దమామయ్య దగ్గర ఇంకా ఉంది. నిరుడు సంక్రాంతికి వెళ్ళినప్పుడు చలేస్తోంది మామయ్యా అన్నాను, విషయం అర్థమవుతుందని. బీరువా తెరిచి కొత్త రజాయి తీసిచ్చాడు.