పసిడి పరీక్ష



నిరుడు మావారికి శస్త్రచికిత్స చేయింపవలసివచ్చినపుడు నా పెండ్లినాటి గాజుల జతను అమ్మబూనితిని. మా అమ్మ చీటీలు కట్టి, యింటిఖర్చు మిగిల్చి, తెలిసినవారి కొట్టున 22 కారెట్లవని కొనిపెట్టిన గాజులవి. తూకము 40 గ్రాములు. యంత్రమున పరీక్షింపగా 18 కారెట్లేయని తేలినది. 36 గ్రాములకు మించి యుండవలసిన మేలిమి 30 గ్రాములే యుండెను. సొమ్ము చాలక మరియొక నగను గూడ అమ్మితిని. ఈ సంగతి మా అమ్మకు చెప్ప నోరాడలేదు.

ఒరయుట, కోయుట, కాల్చుట, కొట్టుట యని బంగారమునకు నాలుగు పరీక్షలు గలవని చిన్ననాట మా తండ్రిగారు నీతిశాస్త్రమున చెప్పిరి. వల్లించితినే గాని, నా చేతి గాజుల నొకనాడైన పరీక్షింపనైతిని.

ఈ యేడు మా అమ్మాయి ఓణీల వేడుకకు మా అమ్మ గొలుసు కొనిపెట్టెదననగా మువ్వురమును అంగడికి పోయితిమి. 2021 జూను 16 నుండి కొన్ని జిల్లాలలో హాల్‌మార్కు విధిగా నుండవలెనని నిర్ణయించి, పిమ్మట మరికొన్నిటికి విస్తరింపజేసిరి. 2023 ఏప్రిల్ 1 నుండి హాల్‌మార్కు నగపై మూడు గుర్తులుండవలెను: బి.ఐ.ఎస్. త్రిభుజపు ముద్ర, 22కె916 వంటి స్వచ్ఛత, అక్షరములును అంకెలును గలసిన ఆరక్కరముల హెచ్.యు.ఐ.డి. సంఖ్య. రెండు గ్రాములలోపు వస్తువుల కీ నిర్బంధము లేదు.

మా అమ్మాయి భూతద్దముతో ఆ సంఖ్యను చదివి, సెల్‌ఫోనులోని బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో వ్రాయసాగినది. మా అమ్మ సిగ్గుపడి, “తెలిసినవారమ్మా! అనుమానించిన ఏమనుకొందురు?” అని గొణిగినది. స్వచ్ఛత సరిపోయినది. కాని వస్తువు పేరుచోట “ఉంగరము” అని యున్నది! మా చేతిలోనిది గొలుసు. కొట్టువారు పొరపాటని వేరొకటి తెచ్చిరి గాని, మేము కొనక లేచి వచ్చితిమి.

ఒక మాట మరువరాదు. సెల్‌ఫోను బంగారమును పరీక్షింపదు. పరీక్షాకేంద్రమున వ్రాయబడిన సంగతులనే చూపును. కావున సంఖ్య దొరకినదని తృప్తిపడక, వస్తువు పేరు, స్వచ్ఛత, కేంద్రము, తేదీ చేతిలోని నగతో సరిపోవునేమో చూడవలెను. రసీదును భద్రపరుపవలెను. సందేహము తీరనిచో కేంద్రముననే పరీక్ష చేయింపవచ్చును. ఎక్సరే కిరణముల యంత్రము పైపొరనే చూచును. నిజము తేల్చునది నిప్పులో పుటము పెట్టు పరీక్షయే.

ఇంటికి వచ్చుచు మా అమ్మ, “నీ గాజులు మంచివేనా?” అని మెల్లగా నడిగినది. ఇక దాచలేక చెప్పితిని. చాలసేపటికి, “ఆనాడు నాకును అనుమానము గలిగినదే. అడుగుటకు సిగ్గుపడితిని” అనినది.

ఆమె సిగ్గునకు మేము చెల్లించిన వెల మీకు తెలిసినదే. మీ రడుగుడు. ఎదుట చూచి కొనుడు. న్యాయవర్తకుడు ఇందుకు కోపగింపడు.