విశాఖకు పోదాం, కానీ తీరిగ్గా పోదాం



విశాఖపట్నం టూరు గురించి మన గ్రూపులో పది రోజులుగా మాట నడుస్తోంది. మూడు రోజుల్లో పద్నాలుగు చోట్లు చూపించే ప్లాన్ ఒకటి పెట్టారు. ఖర్చు తక్కువే. అయినా దానికి నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఎందుకో కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మన కూరెకుప్ప వాళ్ళకు ప్రయాణమంటే తిరుపతి, మంత్రాలయం, శ్రీశైలం, లేకపోతే ఎవరిదో పెళ్ళి. పని కాగానే తిరుగు బండి ఎక్కేస్తాం. ఊరికే కూర్చుని రావడానికి డబ్బు ఖర్చు పెట్టడమంటే మనకు తప్పు చేసినట్టే ఉంటుంది. ఇంట్లో మగవాళ్ళకు షిఫ్టులు. ఆడవాళ్ళకు ఆ షిఫ్టులను బట్టి మారే వంటలు, ఎన్ని సార్లు తుడిచినా మళ్ళీ పేరుకునే ఎర్రదుమ్ము. పోయిన టూర్లలో గ్యాస్ స్టవ్వు, బియ్యం మూట బస్సెక్కాయి. ఊరు మారింది గానీ మాకు వంట తప్పలేదు. ఈసారి స్టవ్వు వద్దు. ఇది నా మొదటి షరతు.

మా అత్తమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. ఇంతవరకు సముద్రం చూడలేదు. ఆ పద్నాలుగు చోట్ల జాబితా చదివి వినిపిస్తే, "సముద్రం కాడికి పోను ఇన్ని మెట్లెక్కల్నా అమ్మా?" అని అడిగింది. దానికి జవాబు చెప్పగలిగే ప్లాన్ కావాలి నాకు.

గోవా దగ్గర కదా అన్నారు కొందరు. నిజమే. అయితే అక్కడ సూర్యుడు సముద్రంలోకి దిగుతాడు, విశాఖలో సముద్రంలోంచి పైకొస్తాడు. తెల్లవారుజామున నాలుగింటికే లేచే మన పెద్దవాళ్ళకు విశాఖే సరి. భాషకూ ఇబ్బంది లేదు, ఎవరి సాయం లేకుండా టీ కొట్టు దగ్గర వాళ్ళే కబుర్లు చెప్పుకుంటారు.

దసరా సెలవులు వద్దు. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో తుపానుల భయం ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎంత దెబ్బ తీసిందో టీవీలో చూశాం. డిసెంబరు మంచిది. ఎండ ఉండదు, అరకు వైపు వలిసె పూలు పసుపు పరిచినట్టు ఉంటాయి.

బళ్ళారి నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది, కానీ రోజూ కాదు. అది కుదరకపోతే విజయవాడలో బండి మారాలి. టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు. ఆ రోజే తీసుకుంటే పెద్దవాళ్ళకు కింది బెర్తులు దొరుకుతాయి.

నా లెక్క ఐదు రాత్రులు, రోజుకు ఒక్క చోటు. బస బీచ్ రోడ్డుకు దగ్గర్లో, లిఫ్టు ఉన్న చోట. మొదటి రోజు ఎక్కడికీ వద్దు, సముద్రం ఒడ్డున కూర్చుందాం. రెండో రోజు కురుసుర జలాంతర్గామి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి ఇప్పుడు మ్యూజియంగా ఒడ్డున ఉంది. సోమవారం మూస్తారు. లోపల ఇరుకు కాబట్టి పిల్లలు వెళ్తారు, పెద్దవాళ్ళు బయట గాలికి కూర్చుంటారు. మూడో రోజు సింహాచలం. స్వామి ఏడాదంతా చందనంలోనే ఉంటాడు, నిజరూపం అక్షయ తృతీయ నాడే. నాలుగో రోజు భీమిలి, గోస్తని నది సముద్రంలో కలిసే చోటు.

ఐదో రోజు ఓపిక ఉన్నవాళ్ళు కిరండూల్ బండిలో అరకు వెళ్ళొచ్చు. ఆ లైను వేసింది బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాను పంపడానికి. మనకు ఖనిజం వ్యాగన్లు రోజూ కనిపించేవే. అవే నడిచే దారిలో కిటికీ పక్కన కూర్చుని కొండలు, సొరంగాలు చూస్తూ పోవడం మన పిల్లలకు ఒక వింత. బొర్రా గుహల్లో మెట్లు ఎక్కువ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆ రోజు కూడా సముద్రం దగ్గరే ఉండొచ్చు. వాళ్ళకు తోడు నేనుంటా.

ఒక జాగ్రత్త. ఆర్.కె. బీచ్‌లో అలల లాగుడు ఎక్కువ, పాదాలు తడుపుకుంటే చాలు. నీళ్ళలో ఆడాలంటే పిల్లల్ని ఋషికొండ తీసుకుపోదాం, అక్కడా కాపలావాళ్ళు చూపించిన హద్దు దాటకుండా.

ఖర్చు ఎక్కువవుతుంది, కాదనను. అందుకే ఇప్పటినుంచి నెలనెలా కొంత కట్టుకుందాం. రాలేనంటున్న వదినలను ఒక మాట అడగండి: డబ్బు లేక వద్దంటున్నారా, ఇంట్లో వంట ఎవరు చేస్తారని వద్దంటున్నారా? రెండోది అయితే అన్నలారా, దాని జవాబు మీ దగ్గరే ఉంది.

వచ్చేవాళ్ళు పేర్లు, వయసులు, మెట్లెక్కగలరో లేదో కింద రాయండి. ఆదివారం మీటింగులో తేదీ ఖాయం చేద్దాం.