చివరి ఫ్యాన్

జులై 9, 2024. తార్నాక
కంప్యూటర్ కేసు లోపల వెలుగు తగ్గింది. కొత్త లైట్ల స్ట్రిప్ పెట్టినప్పటి నుంచా, అంతకు ముందు నుంచేనా? తెలుపు పెడితే మొదటి ఫ్యాన్లు బాగానే ఉన్నాయి. వెనక్కి పోయేకొద్దీ మసక. చివర స్ట్రిప్ గులాబీకి తిరిగింది. మిషను పనికి ఏమీ కాలేదు, రాత్రంతా మోడలింగ్ నడుస్తూనే ఉంది. అయినా మనసు ఒప్పుకోవట్లేదు. ఫెలోషిప్ డబ్బులు దాచి ఒక్కో పార్టూ తెచ్చి బిగించుకున్నది ఇది...

జులై 11
రూమ్మేట్ లోవోల్టేజి అంటున్నాడు. "సాయంత్రమైతే గల్లీ మొత్తం డిమ్మే కదన్నా." నిజమే, ట్యూబులైటు కూడా కొట్టుకుంటోంది. కానీ కంప్యూటర్‌కి కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంది. గోడ ప్లగ్గులో కాస్త తగ్గితే లోపలి 5 వోల్టులు తగ్గకూడదు. తెల్లవారుజామున లేచి చూశాను. అప్పుడూ అంతే మసక. గల్లీ కరెంటు కాదు. మరేంటి?

జులై 13
మెట్రోలో ప్యారడైజ్ దాకా, అక్కణ్ణుంచి పార్క్‌లేన్‌కి నడక. ఒక దుకాణంలో ఫోటో చూడగానే "ఫ్యాన్ పోయింది, మార్చెయ్ తమ్మీ" అన్నారు. తీసిచ్చిన దాని లైటు కనెక్టర్ నాలుగు పిన్నులది. అది 12 వోల్టులు. నావి మూడు పిన్నులవి, 5 వోల్టులు. 5 వోల్టుల లైట్లకు 12 తగిలితే ఇక అంతే. కొనలేదు.

జులై 14
ఆదివారం. ప్లగ్గు తీసి, కేసు గ్లాసు విప్పి మంచం మీద పెట్టాను. చివరి ఫ్యాన్‌ని మొదటి చోట గుచ్చాను. నిండుగా వెలిగింది. మొదటిది చివరికి పోయింది, ఇప్పుడు అది మసక.
ఏది చివర ఉంటే అది.

జులై 16
రంగులు విడివిడిగా పెట్టి చూశాను. ఎరుపు చివరిదాకా బాగుంది. నీలం, ఆకుపచ్చ మాత్రం చివర నీరసం. ఎరుపు ఎల్‌ఈడీకి 2 వోల్టులు చాలు, నీలానికీ ఆకుపచ్చకూ 3 దాకా కావాలి. వోల్టేజి పడిపోతే ముందు దెబ్బ తినేవి అవే. తెలుపులో ఆ రెండూ తగ్గితే మిగిలేది ఆ గులాబీ.
అర్ధరాత్రి దాటింది. సంతోషంతో నిద్ర రావట్లేదు.

జులై 18
లెక్క వేశాను. ఆరు ఫ్యాన్లు, ఒక్కోదానికి 12. స్ట్రిప్‌లో 30. మొత్తం 102 ఎల్‌ఈడీలు. నిండు తెలుపులో ఒక్కోటి 60 మిల్లీయాంపులు. అంటే 6 యాంపులు దాటింది. మదర్‌బోర్డు మీది లైట్ల హెడర్ ఇవ్వగలిగేది 3. ఒక్క రంగే అయితే 2 చిల్లర. పైగా అన్నీ ఒకదాని వెనక ఒకటి గుచ్చి ఉన్నాయి.
ఓయూ ఇంజినీరింగ్ కాలేజీ జూనియర్‌ని అడిగి మల్టీమీటర్ తెచ్చుకున్నాను. ఆర్ట్స్ కాలేజీ దాటగానే వాన. మీటర్ చొక్కా లోపల పెట్టుకుని తడిశాను.

జులై 19
ఎస్‌ఎంపీఎస్ దగ్గర 5.03 వోల్టులు. హెడర్ దగ్గర 4.88. స్ట్రిప్ చివర 4.12. ఎరుపు పెట్టగానే అదే చివర 4.7కి లేచింది.
నాన్న ఫోన్. సాగర్ ఎడమ కాలువకు ఇంకా నీళ్లు వదల్లేదట. "వదిలినా పైమళ్లు తాగినాక కదా బిడ్డా, మనదాకా వచ్చుడు." మీటర్ ఇంకా చేతిలోనే ఉంది. ఏం చెప్పను?

జులై 21
లష్కర్ బోనాలు. ఓనరాంటీ బోనమెత్తి వచ్చి ప్రసాదం ఇచ్చింది. "ఆ డబ్బాలో గిన్ని లైట్లెందుకు నాయనా?" అని అడిగింది. అర్ధరాత్రి దాటాక ఈ గదిలో మేలుకొని ఉండేవి అవే. ఆ మాట అనలేదు.
గైడ్ సార్ థీసిస్ మూడో చాప్టర్ అడుగుతున్నారు.

జులై 23
హబ్ దొరికింది. మూడు పిన్నులదే, సాటా పవర్‌ది. బోర్డు నుంచి డేటా, గ్రౌండ్ మాత్రమే. 5 వోల్టులు నేరుగా ఎస్‌ఎంపీఎస్ నుంచి. ఏ ఫ్యాన్ తీగ దానిదే, స్ట్రిప్‌కి వేరే. సాటా కనెక్టర్‌కీ హద్దుంది, 5 వోల్టుల మీద 4.5 యాంపులు. అందుకని వెలుగు 60 శాతం దగ్గర ఆపాను.
స్ట్రిప్ చివర 4.91.

జులై 24
తెలుపు చివరిదాకా తెలుపే. నాన్నకి వీడియో కాల్‌లో చూపిస్తే ముందు అడిగింది కరెంటు బిల్లు. 18 వాట్లే నాన్నా అన్నాను. "అయితే వెలగనియ్" అన్నాడు.
మూడో చాప్టర్ పంపేశాను.
మీటర్ తిరిగిచ్చేశాను. జూనియర్ కేసులోనూ ఇదే గొడవట, కొత్త ఫ్యాన్ కొంటానంటున్నాడు. ఆగమన్నాను. ముందు ఎరుపు, నీలం విడిగా వెలిగించి చూడు, చివరి కొసన వోల్టేజి కొలువు, ఆ తర్వాతే దుకాణానికి పో అన్నాను. నా ఆరు ఫ్యాన్లలో ఒక్కటీ చెడిపోలేదు.