ఉద్దానం ఇచ్చిన రక్తానికి జవాబు రావాలి



ఈసారి ఉద్దానం సంగతి రాస్తున్నాను. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు వెళ్తే కనుచూపు మేరా కొబ్బరి, జీడి తోటలే. ఆ ఊళ్లలో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇవాళ్టికీ ఎవరూ తేల్చి చెప్పలేకపోతున్నారు.

కిడ్నీ జబ్బంటే మామూలుగా దాని వెనక షుగరో, బీపీయో ఉంటుంది. ఇక్కడ చాలామందికి మొదట్లో ఆ రెండూ ఉండవు. కాళ్లు వాయవు, మూత్రంలో తేడా కనిపించదు. రోజూ పనికి పోయే మనిషి కాస్త నీరసంగా ఉందని రక్తం చూపించుకుంటే క్రియాటినిన్ పెరిగిందంటారు. ఆ అంకె పెరిగేసరికే కిడ్నీల శక్తి ఇంచుమించు సగం పోయి ఉంటుంది. ఆ తర్వాత వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్, వెళ్లినప్పుడల్లా నాలుగేసి గంటలు. తోడు వెళ్లినవాళ్ల కూలీ కూడా ఆ పూట పోయినట్టే.

మండుటెండలో పని, భూగర్భజలంలో సిలికా, భారలోహాలు, పురుగుమందులు, నొప్పి మాత్రలు... అనుమానాలకు లోటు లేదు. ఏదీ రుజువు కాలేదు. శ్రీలంక వరి రైతుల్లోనూ, నికరాగ్వా చెరకు కూలీల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. నికరాగ్వాలో కారణం పూర్తిగా తేలేదాకా ఆగలేదు. కోత కూలీలకు నీళ్లు, నీడ, పని మధ్యలో విరామం ఏర్పాటు చేసి, సీజను ముందూ తర్వాతా రక్తం పరీక్షించారు. విరామం పెంచాక కిడ్నీలకు తగిలే దెబ్బ తగ్గింది. నాకు నచ్చిన పరిశోధన ఇది. పొలంలో మొదలై పొలానికే తిరిగి వచ్చింది.

అలా రాకపోతే ఏమవుతుందో నల్లగొండ చెబుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది, దానికి నల్లగొండ పేరే పెట్టారు. అయినా నల్లగొండ పల్లెల్లో పిల్లల కాళ్లు వంకర పోతూనే వచ్చాయి. రోజూ పటిక కొలిచి వేసి, కలిపి, తేరిన నీళ్లు వంచుకుని, అడుగు మడ్డి పారబోసే పని ఏ ఇల్లాలి నెత్తిన పడుతుందో ముందే ఆలోచించాల్సింది. కృష్ణా నీళ్లు కుళాయిల్లోకి వచ్చాకే ఊపిరి పీల్చుకున్నారు.

ఇక ఉద్దానానికి వస్తే, పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం జలాశయం నుంచి తాగునీరూ ఇచ్చారు. రెండూ ఎప్పుడో జరగాల్సిన పనులు. అయితే పడకలు జబ్బు పడినవాళ్లకు. ఇంకా పడనివాళ్ల కోసం అవే కుటుంబాలను ఏళ్ల తరబడి పరీక్షిస్తూ పోవాలి. దానికి డబ్బూ ఓపికా రెండూ కావాలి, ప్రభుత్వం మారినా ఆగకూడదు.

మీలో ఆ ప్రాంతం వాళ్లుంటే ఒక మాట. సర్వే బృందం గడప తొక్కినప్పుడు నమూనా ఇవ్వండి. ఫలితం ఎప్పుడు చెబుతారో, ఎవరు చెబుతారో అప్పుడే అడగండి, తెలుగులో రాసి ఇమ్మనండి. మిగతావాళ్లు మీ ఎమ్మెల్యే కనబడినప్పుడు ఉద్దానం పరిశోధనకు ఈ ఏడాది ఎంత కేటాయించారో అడగండి.

మీ
సంపాదకుడు